టెక్ సందేహాలు: నోటీసు బొమ్మగా వస్తే చదివేదెలా?

ఇంటర్న్‌షిప్ (బడుల్లో పాఠాలు చెప్పే శిక్షణ) కోసం బడులు కేటాయించే రోజులు కాబోలు, ఈసారి కోనసీమ నుంచీ, అటు నరసాపురం, పాలకొల్లు వైపు నుంచీ వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం బి.ఎడ్. విద్యార్థులవే. కొత్త ఫోన్ల సంగతి వచ్చేవారం చూద్దాం. మొదటి ప్రశ్నకు మిగతావాటికన్నా ఎక్కువ చోటు ఇస్తున్నాను. అంత అవసరం ఉంది.

ప్రశ్న: నాకు చూపు లేదు. విశ్వవిద్యాలయ విద్యా కళాశాలలో బి.ఎడ్. చదువుతున్నాను. ఫోన్‌లో టాక్‌బ్యాక్ (తెర మీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్) వాడతాను. ఇంటర్న్‌షిప్ బడుల జాబితా, సెమినార్ తేదీలు, ఫీజు గడువు అన్నీ బోర్డుకు అంటించిన కాగితాన్ని ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడతారు. నా ఫోను ‘ఫోటో’ అని చెప్పి ఊరుకుంటుంది. పీడీఎఫ్ పంపినా అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు చదువుతుంది. ప్రతిసారీ ఎవరినో ఒకరిని బతిమాలుకోవాల్సి వస్తోంది. మార్గం ఉందా? (విద్యార్థిని, రాజోలు)

ఉందమ్మా. ముందు మీ ఫోన్‌లో చేసుకోగలిగింది చెబుతాను.

వాట్సాప్‌లో వచ్చిన ఫోటోను గూగుల్ ఫోటోస్‌లో తెరవండి. కింద ‘లెన్స్’ అనే బటన్ ఉంటుంది. దాన్ని నొక్కితే ఫోటోలోని అక్షరాలను గుర్తిస్తుంది, తెలుగు కూడా. అన్నీ ఎంచుకుని కాపీ చేసి, కీప్ లాంటి నోట్స్ యాప్‌లో పేస్ట్ చేయండి. అప్పుడది మామూలు రాత కాబట్టి టాక్‌బ్యాక్ చదివేస్తుంది. తెలుగు గొంతు రాకపోతే సెట్టింగ్స్‌లోని యాక్సెసిబిలిటీలో ‘టెక్స్ట్ టు స్పీచ్’ తెరిచి తెలుగు వాయిస్ డేటా దించుకోండి. విండోస్ కంప్యూటర్ వాడే అవకాశం ఉంటే ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్ ఉంది. అదీ తెలుగు చదువుతుంది.

ఒక జాగ్రత్త. బడుల జాబితా లాంటి పట్టికలను లెన్స్ సరిగ్గా పట్టుకోలేదు. ఒక వరుసలోని ఊరి పేరును ఇంకో వరుసలోని తేదీ పక్కన చేరుస్తుంది. కాగితం మడత మీద పడిన 3 దానికి 8 గా కనిపించవచ్చు. కాబట్టి తేదీ, బడి పేరు, గది నంబరు మాత్రం మరొకరిని అడిగి సరిచూసుకోండి. ఇంటర్న్‌షిప్‌లో కనీసం 90 శాతం హాజరు ఉండాలని జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి నిబంధన. తేదీ తప్పు విని నష్టపోకూడదు.

ఇక పీడీఎఫ్ సంగతి. అందులో వినిపించే అర్థంలేని అక్షరాలకు కారణం చాలావరకు అను ఫాంట్లు. డీటీపీ సెంటర్లలో, ఆఫీసుల్లో ఇప్పటికీ వాటితోనే టైపు చేస్తున్నారు. తెర మీద ‘అ’ కనిపిస్తుంది గానీ, ఫైలు లోపల ఉండేది ఏదో ఇంగ్లిష్ అక్షరమో గుర్తో. దానికి తెలుగు వేషం వేసేది ఫాంటు. కళ్లతో చూసేవారికి వేషమే కనిపిస్తుంది కాబట్టి ఇబ్బంది లేదు. స్క్రీన్ రీడర్ లోపలున్నదాన్నే చదువుతుంది. యూనికోడ్‌లో అలా కాదు, ప్రతి తెలుగు అక్షరానికీ తనదంటూ ఒక సంఖ్య ఉంటుంది. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగు ఉంది. అలాంటి పీడీఎఫ్ వస్తే పేజీని స్క్రీన్‌షాట్ తీసి, పైన చెప్పినట్టే లెన్స్‌కు ఇవ్వండి. ఆ ఫైలును నేరుగా వేరే యాప్‌లో తెరిచినా మళ్లీ ఆ గజిబిజే రావచ్చు.

ఇదంతా మీరు పడాల్సిన శ్రమ కాదు. ఆ నోటీసును ఆఫీసులో ఎవరో కంప్యూటర్‌లోనే టైపు చేశారు. ప్రింటు తీసి, సంతకం పెట్టి, ముద్ర వేసి, గోడకు అంటించి, తిరిగి ఫోటో తీశారు. అక్షరాలుగా పుట్టినదాన్ని పనిగట్టుకుని బొమ్మగా మార్చి పంపుతున్నారు. యూనికోడ్‌లో టైపు చేసి, ఫోటోతో పాటు ఆ రాతను కూడా గ్రూపులో పేస్ట్ చేస్తే సరిపోతుంది. నిమిషం పని. విండోస్ 10లో 2019 నుంచి తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఉంది, విడిగా ఏ సాఫ్ట్‌వేరూ కొనక్కర్లేదు. ముద్ర, సంతకం చూపించాలంటే ఫోటో ఉండనివ్వండి, కింద రాత చేర్చండి. అలా చేస్తే మామూలు విద్యార్థులకూ లాభమే: నెల తర్వాత ‘ఫీజు’ అని వాట్సాప్‌లో వెతికితే ఆ నోటీసు దొరుకుతుంది. ఫోటోలో ఉన్న మాట అలా దొరకదు.

మీరు ప్రిన్సిపాల్ గారిని రాతపూర్వకంగా అడగండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ ప్రకారం, ప్రభుత్వ నిధులో గుర్తింపో ఉన్న విద్యాసంస్థలు ఒక్కో విద్యార్థి అవసరాన్ని బట్టి తగిన సదుపాయం కల్పించాలి. ఆ సెక్షన్ నంబరు ఉత్తరంలో రాయండి. బి.ఎడ్.లో సమ్మిళిత విద్య (దివ్యాంగులతో సహా అందరినీ కలిపి చదివించడం) మీద ఏకంగా ఒక పేపరే ఉంది. ఆ పేపరు బోధించే భవనంలోనే ఒక విద్యార్థిని నోటీసు చదవలేకపోవడం నాకు చాలా బాధ కలిగించింది. ఆమె సహవిద్యార్థులు ఎవరైనా ఇది చదువుతుంటే, ఆఫీసు మారే వరకు ఆగకండి. గ్రూపులో ఫోటో పడగానే లెన్స్‌తో రాత తీసి, ఒకసారి సరిచూసి, మీరే కింద పెట్టండి.

ప్రశ్న: మా మనవడు డిగ్రీ పూర్తి చేశాడు. ‘రెండేళ్ల బి.ఎడ్. రద్దయింది, ఇక నాలుగేళ్లదే, సీటు కోసం ఈ లింకులో డబ్బు కట్టండి’ అని ఫోన్‌కు సందేశం వచ్చింది. నిజమేనా? (విశ్రాంత ఉపాధ్యాయుడు, మండపేట)

కాదు మాస్టారూ, డబ్బు కట్టకండి. ఇలాంటి వాటిలో సగం నిజం ఉంటుంది, నమ్మించేది అదే. 2030 నాటికి ఉపాధ్యాయులకు కనీస అర్హత నాలుగేళ్ల సమీకృత బి.ఎడ్. కావాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పిన మాట వాస్తవం. ఐటీఈపీ అనే ఆ కోర్సు 2023–24లో ప్రయోగాత్మకంగా మొదలైంది కూడా. అది ఇంటర్ పూర్తయినవారికి. దాని ప్రవేశ పరీక్ష ఎన్‌సీఈటీ. అయితే అదే విధానం, డిగ్రీ చేసినవారికి రెండేళ్ల బి.ఎడ్. ఉంటుందనీ రాసింది. మన రాష్ట్రంలో దానికి దారి ఎడ్‌సెట్ ప్రవేశ పరీక్ష.

లింకును చూడగానే చిరునామా చివరి భాగం చదవండి. ‘డాట్ ఏసీ డాట్ ఇన్’, ‘డాట్ ఈడీయూ డాట్ ఇన్’ చిరునామాలను విద్యాసంస్థలకు మాత్రమే ఇస్తారు, ‘డాట్ గవ్ డాట్ ఇన్’ ప్రభుత్వానిది. విశ్వవిద్యాలయం పేరు మొదట్లో ఉండి చివర ఇంకేదో ఉంటే అనుమానించాల్సిందే. నిజమైన ప్రకటన అయితే విశ్వవిద్యాలయం వెబ్‌సైట్‌లోనో, ఉపాధ్యాయ విద్యా మండలి వెబ్‌సైట్‌లోనో కనిపిస్తుంది. సందేశంలోని లింకు నొక్కకుండా, ఆ సైటు పేరు మీరే టైపు చేసి చూడండి.

ప్రశ్న: సూక్ష్మబోధన (సహవిద్యార్థుల ముందు కొద్ది నిమిషాలు చెప్పే సాధన పాఠం) వీడియో తీసి పంపమన్నారు. ఫైలు చాలా పెద్దదవుతోంది, వాట్సాప్‌లో పంపితే మసకబారుతోంది. మాట కూడా సరిగ్గా వినపడడం లేదు. (విద్యార్థి, సఖినేటిపల్లి)

కెమెరా సెట్టింగ్స్‌లో వీడియో నాణ్యతను 1080 నుంచి 720కి మార్చండి. తెర మీది చుక్కలు సగానికన్నా తక్కువకు పడిపోతాయి, ఫైలు కూడా బాగా తగ్గుతుంది. బోర్డు మీది రాత అప్పటికీ తేటగానే కనిపిస్తుంది. పంపేటప్పుడు ‘గ్యాలరీ’ నుంచి కాకుండా ‘డాక్యుమెంట్’గా పంపండి. 2 జీబీ వరకు వెళుతుంది, వాట్సాప్ దాన్ని కుదించదు.

నా దృష్టిలో అసలు సమస్య మాటే. గది వెనక పెట్టిన ఫోనుకు ముందు వినిపించేది ఫ్యాను, తర్వాత మీరు. రెండో ఫోన్‌లో వాయిస్ రికార్డర్ నడుపుతూ చొక్కా జేబులో పెట్టుకోండి, లేదా మైకున్న ఇయర్‌ఫోన్ తీగను కాలరుకు తగిలించండి.

పంపడానికే కాదు, మీ కోసం కూడా ఈ వీడియో వాడుకోండి. మన దేశంలో వాడే పద్ధతిలో బోధన 6 నిమిషాలు, సమీక్ష 6, పునఃప్రణాళిక 12, పునర్బోధన 6, మళ్లీ సమీక్ష 6, మొత్తం 36 నిమిషాలు. ఆ 12 నిమిషాల్లో వీడియోను మొదట మాట ఆపేసి చూడండి: మీ చూపు ఏ బెంచీ మీద ఆగిపోయిందో, బోర్డుకు ఎంతసేపు ముఖం పెట్టుకున్నారో తెలుస్తుంది. తర్వాత ఫోను బోర్లా పెట్టి వినండి. ప్రశ్న అడిగి, జవాబు రాకముందే మీరే చెప్పేస్తున్నారేమో గమనించండి. కొత్తగా పాఠం చెప్పేవారిలో ఇది చాలామందికి ఉంటుంది, చూసినప్పటికంటే విన్నప్పుడే బయటపడుతుంది.

సూక్ష్మబోధనలో ఎదుట కూర్చునేది మీ సహవిద్యార్థులే. ఇంటర్న్‌షిప్‌లో బడి పిల్లలు ఉంటారు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారి సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి అడుగుతుంది. కెమెరాను పిల్లల వెనక పెట్టండి, వీడియోను స్టేటస్‌లో పెట్టకండి.

ప్రశ్న: మాది ముమ్మిడివరం దగ్గర లంక గ్రామం. వరదొస్తే కరెంటు, సిగ్నలు రెండూ పోతాయి. ఆ రోజుల్లో పాఠ్య పథకాలు రాసుకోవడమెలా? (విద్యార్థిని)

దీక్ష అనే ప్రభుత్వ పాఠాల యాప్‌లో పాఠాలను ముందే దించుకోవచ్చు, తర్వాత నెట్ లేకున్నా తెరుచుకుంటాయి. గూగుల్ డాక్స్‌లో రాస్తుంటే ఆ ఫైలు పక్కనున్న మూడు చుక్కలు నొక్కి ‘ఆఫ్‌లైన్’ ఎంచుకోండి. తోటివారికి ఫైళ్లు ఇవ్వాలంటే ఫోను నుంచి దగ్గరి ఫోనుకు పంపే క్విక్ షేర్ చాలు, దానికీ నెట్ అక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ కబురు రాగానే కావలసినవి దించుకుని, ఫోనూ పవర్ బ్యాంకూ నిండా చార్జి చేసి పెట్టుకోండి. రికార్డు పుస్తకాలు మాత్రం ప్లాస్టిక్ సంచిలో కట్టి అటక మీదే ఉంచండి.