సర్వర్ కొనేముందు ఆదివారం లెక్క చూడు

నాన్నా,

నీ మెసేజ్ చూశాను. మీ ఓనరుగారు కొటేషన్ పట్టుకుని "నెలనెలా క్లౌడ్‌లో సర్వర్లకి అద్దె కట్టే బదులు ఒక్కసారి సొంత సర్వర్ కొనేద్దాం" అంటున్నారన్నావు. ఆ కొటేషన్‌లో ఉన్నది సర్వర్ ధర ఒక్కటే. యూపీఎస్, ఏసీ, రెండు వేర్వేరు కంపెనీల ఇంటర్నెట్ లైన్లు, ఏటా కట్టే మెయింటెనెన్స్ కాంట్రాక్టు (ఏఎంసీ), పండగ రోజు అర్ధరాత్రి డిస్క్ పోతే లేచి వెళ్ళాల్సిన మనిషి జీతం, ఇవన్నీ పక్కన రాసి అప్పుడు చూపించు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు విశాఖలో ఒక ఆఫీసు సర్వర్ గది నా చేతిలో ఉండేది. కరెంటు పోయింది, యూపీఎస్ గంట కూడా నిలవలేదు, జనరేటర్‌కి డీజిల్ కోసం ఊరంతా తిరిగాను. బ్యాకప్ టేపులు కూడా అదే గదిలో ఉన్నాయి, కిటికీ అద్దాలు పగిలి లోపలికి వాన కొడుతోంది. అవి తడవకపోవడం మా అదృష్టం, అంతే. అప్పట్నుంచి బ్యాకప్ వేరే ఊళ్ళో లేకపోతే నాకు నిద్ర పట్టదు.

మీది మాక్ టెస్టుల యాప్. ఆదివారం పొద్దున్నే పిల్లలందరూ ఒకేసారి లాగిన్ అవుతారు, మిగతా వారమంతా దాదాపు ఖాళీ. సొంతంగా కొంటే ఆ మూడు గంటల రద్దీకి సరిపడా కొనాలి, అది ఆరు రోజులు ఊరికే తిరుగుతూ ఉంటుంది. అందుకే ఈ మాక్ టెస్టులకైతే క్లౌడే తీసుకో అంటాను. శనివారం రాత్రి మెషీన్లు పెంచు, పరీక్ష అయ్యాక తగ్గించు. ఖర్చు హద్దు దాటితే చెప్పే బిల్లింగ్ అలర్ట్ మొదటి రోజే పెట్టు, కానీ మామూలుగా అది మెయిల్ పంపుతుందే తప్ప మెషీన్‌ని ఆపదు, ఆపడం నీ పనే.

అసలు జాగ్రత్త వీడియో క్లాసుల దగ్గర. క్లౌడ్‌లోకి డేటా ఎక్కించడం ఉచితమే, బయటికి వెళ్ళేదానికి డబ్బులు. గంట క్లాసు అర జీబీ అనుకున్నా రెండు వేల మంది చూస్తే వెయ్యి జీబీ! అమెజాన్ వాళ్ళ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌లో నెలకు ఉచితం 100 జీబీయే. వీడియోలకు వేరే సీడీఎన్ (వీడియోల కాపీలు చూసేవాళ్ళకి దగ్గర్లోని సర్వర్ల నుంచి అందించే సర్వీసు) రేట్లు అడుగు. ఏడబ్ల్యూఎస్‌కి ముంబయిలో 2016 నుంచి, హైదరాబాద్‌లో 2022 నుంచి రీజియన్లు, అంటే డేటా సెంటర్ల గుంపులు, ఉన్నాయి కాబట్టి యాప్ ఒకచోట, బ్యాకప్ ఇంకోచోట పెట్టుకోవచ్చు.

క్లౌడ్ వదిలేసిన అమెరికా సాఫ్ట్‌వేర్ కంపెనీ 37 సిగ్నల్స్ సంగతి ఓనరుగారు ఎత్తితే, అది నిజమేనని ఒప్పుకో. 2022లో వాళ్ళు క్లౌడ్‌కి సుమారు 32 లక్షల డాలర్లు కట్టారు, ఆ తర్వాత సొంత సర్వర్లకు మారి బాగానే మిగుల్చుకున్నారు. కాకపోతే వాళ్ళకి సర్వర్లు నడిపే టీమ్ ఉంది, ఆ సర్వర్లు కూడా ఆఫీసు గదిలో కాదు, అద్దె డేటా సెంటర్లో ఉన్నాయి. మీకు ఉన్నది నువ్వూ ఇంకో కుర్రాడూ.

క్యాంపస్ సీసీ కెమెరాల రికార్డింగ్ మాత్రం ఆఫీసులోనే ఉంచండి, దాన్ని క్లౌడ్‌కి పంపక్కర్లేదు.

ఏదీ సంతకం పెట్టకముందు గత నాలుగు ఆదివారాల్లో ఏ గంటకు ఎంతమంది లాగిన్ అయ్యారో తీసి నాకు వాట్సాప్ చెయ్యి, ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ పెదనాన్న