పద్య లక్షణాలను ఎక్కడి నుంచి మొదలుపెట్టి నేర్చుకోవాలి?

గణాలు, యతి, ప్రాస, అలంకారాల నిర్వచనాలన్నీ కంఠస్థం చేసినా, పద్యం ఎదుటికి రాగానే ఏదీ గుర్తుపట్టలేకపోతున్నానని అడిగారు. గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటి మేడ మీద కొన్నేళ్లుగా హైస్కూలు పిల్లలకు తెలుగు చెబుతున్నాను. నిర్వచనాల పుస్తకాన్ని కొంతకాలం పక్కన పెట్టి, నోటికి వచ్చిన ఒక ఆటవెలది పద్యాన్ని పెన్సిలుతో విడదీయడమే మంచి దారి అని నా అభిప్రాయం.

వేమన పద్యమే చూడండి: "ఉప్పు కప్పురంబు నొక్క పోలిక నుండు, చూడ చూడ రుచుల జాడ వేరు". దీర్ఘాక్షరం, సున్నాతో కూడిన అక్షరం, జంట హల్లుల అక్షరానికి (ప్పు, క్క వంటివి) ముందున్న అక్షరం గురువులని, మిగిలినవి లఘువులని గుర్తుంటే చాలు, పని మొదలవుతుంది. ఈ గురులఘువుల గుంపులే గణాలు. ఉప్పు, కప్పు, రంబు అన్నవి సూర్యగణాలనే చిన్న గుంపులు. నొక్కపో, లికనుండు అన్నవి ఇంద్రగణాలనే కాస్త పెద్ద గుంపులు. "పోలిక" మధ్యలో తెగిందేమిటని పిల్లలు కంగారు పడతారు గాని, గణవిభజనకు మాటల విరుపుతో నిమిత్తం లేదు.

ఆటవెలదిలో యతి, అంటే పాదం మొదటి అక్షరంతో కుదరాల్సిన మైత్రి, నాలుగో గణం మొదటి అక్షరానికి పడుతుంది. మొదటి పాదంలో "ఉ"కూ "నొ"కూ మైత్రి ఎలా కుదిరిందని మీకు సందేహం రావాలి. సంధి విడదీస్తే అక్కడున్నది "ఒక్క" కాబట్టి, ఉకారానికీ ఒకారానికీ ఉన్న స్వరమైత్రి సరిపోయింది. రెండో పాదంలో "చూ", "జా" అక్షరాలకు హల్లుల మైత్రి ఉన్నా అచ్చులు కలవవు; అందుకే కవి "చూడ", "జాడ" అని రెండో అక్షరాలను కలిపి ప్రాసయతి వేశాడు. ఈ రెండు పాదాలను ఇలా విప్పి చూసినవారికి యతిభేదాల పట్టిక మళ్లీ భయపెట్టదు.

అలంకారాల విషయంలో "వలె" కనిపిస్తే ఉపమ అని రాసేయడం పరీక్షల అలవాటు. ఈ పద్యంలో ఉప్పుకర్పూరాల సంగతి ఒక వాక్యం, పుణ్యపురుషుల సంగతి వేరొక వాక్యం. వాటిని కలిపే వాచకపదం లేకుండానే ఒకటి మరొకదానికి ప్రతిబింబంగా నిలిచింది కాబట్టి ఇది దృష్టాంతం.

ఆటవెలదికి ప్రాసనియమం లేదు గనుక, ప్రాస (అన్ని పాదాల్లోనూ రెండో అక్షరం హల్లు ఒకటే కావడం) కోసం వృత్తాలకు, అంటే ప్రతి పాదంలోనూ గురులఘువుల వరుస మారని పద్యాలకు, వెళ్లండి. ఉత్పలమాల పట్టుబడితే చంపకమాల కోసం వేరే శ్రమ అక్కరలేదు: పాదం మొదటి గురువును రెండు లఘువులుగా మార్చితే 20 అక్షరాలు 21 అవుతాయి, యతిస్థానం 10 నుంచి 11కు జరుగుతుంది. శార్దూలానికీ మత్తేభానికీ ఉన్న చుట్టరికమూ ఇదే.