ఖుక్రీతో పోయిన మా ఊరి నావికుణ్ని ఎలా గుర్తుచేసుకోవాలి?

ప్రశ్న: చిత్తూరు దగ్గర మా ఊరి నావికుడు 1971 యుద్ధంలో ఐఎన్‌ఎస్ ఖుక్రీ అనే యుద్ధనౌకతో పాటు సముద్రంలో పోయాడు. సమాధి లేదు. ఆయన పేరు ఎక్కడైనా ఉంటుందా?

జవాబు: ఉంటుంది. 1971 డిసెంబర్ 9 రాత్రి, డయ్యూ తీరానికి దూరంగా పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ వదిలిన టార్పెడో ఖుక్రీకి తగిలింది. ఓడ నిమిషాల్లోనే మునిగింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు చనిపోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా తప్పించుకునే ప్రయత్నం చేయకుండా ఓడతోనే ఉండిపోయారు. ఆయన పేరు అందరికీ తెలుసు, ఆ 176 మందివి వాళ్ల ఊళ్లలో కూడా వినబడవు. నాకు బాధ అక్కడే.

ఢిల్లీలో 2019లో ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకంలో త్యాగచక్రం గోడల మీద అమరుల పేర్లు చెక్కారు. డయ్యూలో సముద్రానికి ఎదురుగా ఖుక్రీ నమూనాతో స్మారకం ఉంది. వీలైతే ఇంటివాళ్లను ఒక్కసారైనా అక్కడికి తీసుకెళ్లండి.

దేహం దొరకనివారికి దర్భలతో రూపం చేసి కర్మ జరిపించే పద్ధతి మనకుంది. అది ఎప్పుడో అయిపోయి ఉంటే, మహాలయ అమావాస్యకు తిరుపతి కపిలతీర్థంలో తర్పణం వదలొచ్చు.

ఊళ్లో అయితే ఆయన చదివిన బడిలో పేరు, ఓడ పేరు, తేదీతో ఒక రాయి పెట్టించండి. చెక్కించే ముందు హోదా, సర్వీసు నంబరు పాత పెన్షన్ కాగితాల్లో చూసుకుని, చిత్తూరు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. నేవీ డే డిసెంబర్ 4న వస్తుంది కానీ, మీరు ఆయన సంస్మరణ 9నే జరపండి.