సద్దాం హుస్సేన్ పతనం ఎక్కడ మొదలైంది?

ఈ ప్రశ్నకు చాలామంది 2003 ఏప్రిల్ 9 అంటారు, బాగ్దాద్‌లో ఆయన విగ్రహాన్ని పడగొట్టిన రోజు. మాది రాజోలు దగ్గర పల్లె. మాకు ఆ లెక్క 1990 ఆగస్టు 2 నుంచే మొదలవుతుంది. ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిపడిన ఆ రోజు మా అమ్మ అక్కడ ఒక అరబ్బు ఇంట్లో వంటపనిలో ఉంది. నాకు పదకొండేళ్ళు.

రెండున్నర నెలలు ఒక్క ఉత్తరం లేదు. మా వీధివాళ్ళే ఇంకో నలుగురు కువైట్‌లో ఉండేవారు. రేడియోలో వార్తల వేళకి అందరూ మా అరుగు మీదికి చేరేవారు. అక్టోబరులో వచ్చింది అమ్మ. బస్సులో బాగ్దాద్, అక్కణ్ణుంచి జోర్డాన్ సరిహద్దు, ఎడారిలో గుడారాలు, అమ్మాన్‌లో ఎయిరిండియా విమానం, బొంబాయి, రైల్లో రాజమండ్రి. రావులపాలెం మీదుగా వచ్చే బస్సు దిగేసరికి చేతిలో ఒక్క గుడ్డసంచి. ఇంట్లోకి వెళ్ళి లంగా అంచు కుట్లు విప్పి, కువైట్ దినార్లు తీసింది. అంతకుముందు దినారు దాదాపు 60 రూపాయలు. సద్దాం దాన్ని ఇరాకీ దినారుతో సమానం చేసి, ఆనక అసలు చెల్లదన్నాడు. దారిలో కొన్ని నోట్లు రొట్టెకీ నీళ్ళకీ పోయాయట. చెమటకి అంటుకుపోయిన మిగతావాటిని నాన్న ఒక్కొక్కటే విడదీసి చాప మీద ఆరబెట్టాడు.

సద్దాం ఎదుగుదలలో మంచి లేదనను. 1968లో తన బాత్ పార్టీ ఇరాక్‌లో అధికారంలోకి వచ్చాక రెండో స్థానంలో ఉండి, 1972లో చమురును జాతీయం చేయించాడు. ఆ డబ్బుతో బళ్ళు, ఆసుపత్రులు వచ్చాయి, ఊరూరా అక్షరాస్యత ఉద్యమం నడిచింది. కానీ 1979 జూలైలో అధ్యక్షుడైన కొద్దిరోజులకే సొంత పార్టీవాళ్ళను ఒక హాల్లో కూర్చోబెట్టి, పేర్లు చదివించి, ఒక్కొక్కరినే బయటికి ఈడ్పించాడు. వాళ్ళలో 22 మందికి మరణశిక్ష. మా ఊరి లెక్క 1990 అయినా, నా దృష్టిలో ఆయన పతనం అక్కడే మొదలైంది. ఆ తర్వాత ఆయనకు "వద్దు" అని చెప్పే మనిషే మిగల్లేదు. 1980లో ఇరాన్ మీదికి వెళ్ళాడు. ఎనిమిదేళ్ళ యుద్ధం, లక్షల చావులు, కొండంత అప్పు. 1988లో హలబ్జాలో తన దేశపు కుర్దుల మీదే విషవాయువు వదిలాడు. ఇరాన్ యుద్ధానికి అప్పిచ్చినవాళ్ళలో కువైటూ ఉంది. చివరికి దాన్నే మింగబోయాడు.

మా ఊళ్ళో ఇప్పటికీ ఆయన్ని "అమెరికాకి ఎదురునిలిచిన మగాడు" అనేవాళ్ళున్నారు. ఆ మాట వింటే నాకు కడుపు మండుతుంది.

1991లో కువైట్ యుద్ధంలో ఓటమి, పన్నెండేళ్ళకు పైగా ఐక్యరాజ్యసమితి ఆంక్షలు, 2003 డిసెంబరులో గోతిలోంచి పట్టుకోవడం, 2006 డిసెంబరు 30న ఉరి. ఇవన్నీ అందరికీ తెలిసినవే.

కువైట్ నుంచి కట్టుబట్టలతో వచ్చేసినవాళ్ళకు ఐక్యరాజ్యసమితి పరిహారం ఇప్పించింది. అమ్మకి 2,500 డాలర్లొచ్చాయి. పెంకుటిల్లు తీసి శ్లాబు వేశాం. ఆ డబ్బు ఇరాక్ చమురు అమ్మకాల్లోంచి కోసినదని నేనే చెప్పాను.

"అక్కడ పిల్లలకి మందుల్లేవంట కదరా, ఆళ్ళ సొమ్ము మనకెందుకిచ్చారు?"

"సద్దాం చేసిన పనికమ్మా."

"చేసింది ఆడు కదా?"

ఆ పరిహారం చివరి కిస్తీ ఇరాక్ 2022 జనవరిలో కట్టింది. మొత్తం దాదాపు 5,240 కోట్ల డాలర్లు. వార్త చదివి వినిపిస్తే అమ్మ "ఇన్నాళ్ళూ కడతానే ఉన్నారా!" అంది.