హతసాక్షి కథ రాస్తున్న అమ్మాయికి

ఒంగోలు

అమ్మాయీ,

నువ్వు కనిగిరి నుంచి పంపిన, విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన హతసాక్షి పునీత దేవసహాయం జీవితకథ ఆసాంతం చదివాను. భక్తి నిండుగా ఉంది, మనిషి జాడే లేదు. మొదటి పేజీలోనే అతన్ని పునీతుణ్ణి చేసేశావు. ఇక అతనికి ఆకలి వేయడానికి, భయం కలగడానికి కథలో చోటెక్కడిది?

అతను తిరువాన్కూరు సంస్థానంలో మార్తాండవర్మ కొలువులో ఉద్యోగి. 1741 కొలచెల్ యుద్ధంలో బందీగా చిక్కిన డచ్చి సేనాని డి లన్నాయ్ నోట, బైబిల్లో కష్టాలన్నీ ఓర్చుకున్న యోబు కథ విన్నాడు. 1745లో జ్ఞానస్నానం పొంది క్రైస్తవుడయ్యాడు. 1752 జనవరి 14న ఆరల్వాయ్‌మొళి దగ్గర కొండమీద కాల్చి చంపారు. ఈ తేదీలన్నీ నీ రాతలో ఉన్నాయి. అయితే చంపడానికి ముందు అతను ఏళ్ల తరబడి ఖైదులో మగ్గాడు. దాన్ని ఒక్క పేరాలో దాటేసి అద్భుతాల దగ్గరికి పరుగు తీశావు. నిన్నటిదాకా దండాలు అందుకున్న కొలువు ఉద్యోగిని దున్నపోతు మీద వెనక్కి తిప్పి కూర్చోబెట్టి ఊరూరా ఊరేగించారు. అక్కడ ఆగమ్మా. దారి పక్కన నిలబడి చూసినవాళ్లలో అతనికి తెలిసిన ముఖాలు ఉండవా? భార్య జ్ఞానపూ అమ్మాళ్ ఆ రోజులు ఎలా గడిపి ఉంటుంది? ఆధారం దొరక్కపోతే కల్పించకు, ప్రశ్నగానే ఉంచు.

పులియూర్‌కురిచ్చి బండలోంచి అతని దాహం తీర్చేలా నీరు ఊరిన కథ తీసెయ్యమని నేననను. భక్తులు ఈనాటికీ ఆ నీటిని కళ్లకద్దుకుంటారు. అది వాళ్ల నమ్మకమని చెప్పి రాయి. రుజువున్న దాన్నీ నమ్మకాన్నీ కలగలిపి చెబితే చదివేవాడు రెండింటినీ అనుమానిస్తాడు.

ఈ విషయంలో నీకు గురువు తొలినాటి హతసాక్షి పెర్పెతువ. క్రీ.శ. 203లో ఉత్తర ఆఫ్రికాలోని రోమన్ నగరం కార్తేజిలో చంపేనాటికి ఆమెకు ఇరవై రెండేళ్లు, పాలు తాగే బిడ్డ తల్లి. చెరసాలలో తన కథ తానే రాసుకుంది. తండ్రి వచ్చి, చేతులు ముద్దుపెట్టుకుని, కాళ్ల మీద పడి విశ్వాసం వదులుకోమని బతిమాలడం రాసింది. తర్వాత ఆయన బిడ్డను ఇవ్వనన్నాడు. బిడ్డ మళ్లీ పాలడగలేదని, తన రొమ్ములు సలపలేదని రాసింది. అదీ దేవుని చిత్తమేనని ఊరట పొందింది. ఆ తల్లి దేన్ని వదులుకుందో తెలియడానికి ఇంతకన్నా ఏం కావాలి? క్రూరమృగాల ముందుకు పంపే ముందురోజు దాకా రాసి, రేపు జరిగేది ఎవరైనా రాస్తే రాయనీ అని ఆపేసింది. మిగతాది వేరొకరు రాశారు. ఆవు కుమ్మి పడేసినా లేచి జుట్టు ముడుచుకుందని, చెయ్యి వణుకుతున్న కత్తివాడికి తానే గొంతు చూపించిందని మనకు తెలిసింది ఆ రెండో చేతి వల్లనే. తను చూసింది ఎక్కడ ముగిసిందో ఆమె అక్కడే ఆగింది. నువ్వూ అలాగే ఆగాలి.

పునీతులకు మొక్కని బాప్టిస్టు ఇంటి పిల్లను, పునీతుల గురించి రాయవచ్చా అని అడిగావు. నిక్షేపంగా రాయి. రెండో శతాబ్దపు హతసాక్షి, స్ముర్న బిషప్పు పాలికార్పును దహనం చేశాక అక్కడి క్రైస్తవ సంఘం అతని ఎముకలను రత్నాలకన్నా విలువైనవిగా ఏరుకుంది. ఆరాధన క్రీస్తుకే, హతసాక్షులను ప్రేమిస్తాం, అంతే అని ఆనాడే లేఖలో స్పష్టంగా రాసింది. నవదిన ప్రార్థనలకు వెళ్లే మన నెల్లూరు కతోలిక తల్లులను అడిగినా ఇదే మాట చెబుతారు. వాళ్లను చిన్నచూపు చూసే వాక్యం ఒకటి నీ మూడో అధ్యాయంలో ఉంది, కొట్టెయ్.

ఇంకొక కోరిక. 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని మనవాళ్లంతా గర్వంగా చెబుతారు. అంతకుముందే తాళ్లకొండపాడు యెర్రగుంట్ల పేరయ్య విశ్వాసం చుట్టుపక్కల పల్లెలకు పాకింది. అలా క్రైస్తవులైన మాదిగ కుటుంబాలు ఆదివారం పనికి రామన్నాయి, జాతరలో డప్పు కొట్టబోమన్నాయి. ఊరి పెద్దలు వాళ్లకు పనులు, నీళ్లు ఆపేశారు. వాళ్లలో ఎందరి పేర్లు మనకు తెలుసు? ఆ కథలు విని చెప్పగలిగిన ముసలమ్మలు ఇంకా ఉండగానే ఆ పల్లెలకు వెళ్లు. ఎవరి నోట విన్నావో పక్కనే రాసిపెట్టు. దేవసహాయాన్ని తిరగరాశాక ఆ నోటుపుస్తకం కూడా జతచేసి పంపు. చేతిరాతైనా చదువుతాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు