డబ్బా కంటే ముందు కంచం లెక్క చూడు, తమ్ముడూ

కర్నూలు నుంచి ఆగస్టులో డాలస్‌కు చదువుకోవడానికి వస్తున్న ఒక తమ్ముడి సందేహం ఇది: "అన్నా, రెండేళ్లుగా కొండారెడ్డి బురుజు దగ్గరి జిమ్ములో బరువులు ఎత్తుతున్నాను. ఇప్పుడు వాడుతున్న ప్రొటీన్ డబ్బా వెంట తెచ్చుకోవాలా? అక్కడే కొంటే వే, ఐసొలేట్, కేసీన్, గెయినర్‌లలో కండ పెరగడానికి ఏది మంచిది?"

డబ్బా తేవద్దు, తమ్ముడూ. అమెరికా వచ్చే విమానాల్లో చేతి సంచిలో 350 మిల్లీలీటర్లకు మించి పొడి ఉంటే అదనపు తనిఖీకి ఆపుతారు. పెద్ద పెట్టెలో పెడితే రెండు కిలోల చోటు పోతుంది. ఆ చోటులో అమ్మ చేసిన శనక్కాయల పొడి తెచ్చుకో. వే పొడి ఇక్కడ ప్రతి పెద్ద అంగడిలోనూ దొరుకుతుంది.

ఇక ఏది కొనాలన్నది. పాలు విరిచినప్పుడు ముద్ద తీసేయగా మిగిలే తేట నీరే వే. దాన్ని వడకట్టి ఎండబెడితే కాన్సన్‌ట్రేట్ వస్తుంది. మంచి రకంలో 80 శాతం దాకా ప్రొటీన్ ఉంటుంది, కొంత పాల చక్కెర మిగిలిపోతుంది. ఇంకా వడకడితే ఐసొలేట్. అందులో ప్రొటీన్ సుమారు 90 శాతం, పాల చక్కెర దాదాపు ఉండదు. కండ పెరగడంలో ఈ రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు, తేడా కడుపుకే తెలుస్తుంది. మనవాళ్లలో చాలామందికి పెద్దయ్యాక పాల చక్కెర సరిగా అరగదు. పెరుగు పడుతుంది, పాలు తాగితే ఉబ్బరం. నీకు అలా ఉంటే ఐసొలేట్‌కు ఎక్కువ డబ్బు పెట్టడం న్యాయమే. లేకపోతే కాన్సన్‌ట్రేట్ చాలు. హైడ్రొలైజేట్ అంటే ముందే విడగొట్టిన ప్రొటీన్. చేదుగా ఉంటుంది, ధర ఎక్కువ, ఆరోగ్యంగా ఉన్న కుర్రవాడికి దానితో పని లేదు. కేసీన్ మెల్లగా అరుగుతుంది కాబట్టి రాత్రికి మంచిదంటారు. పాల ప్రొటీన్‌లో సుమారు 80 శాతం కేసీనే. నిద్రకు ముందు ఒక కప్పు పెరుగు తిన్నా అదే పని కొంతవరకు జరుగుతుంది.

గెయినర్, అంటే బరువు పెంచడానికి పిండిపదార్థం ఎక్కువగా కలిపి అమ్మే పొడి, దాని గురించి మాత్రం గట్టిగా చెప్తాను, ఎందుకంటే నా మొదటి చలికాలం దానికే బలైంది. తాడిపత్రి నుంచి 58 కిలోల బరువుతో వచ్చాను. గదిలో ఉండేవాళ్ల మాట విని పెద్ద డబ్బా కొన్నాను. ఒక మోతాదులో ప్రొటీన్ 50 గ్రాములు, పిండిపదార్థం 250 గ్రాములు. ఆ పిండిపదార్థంలో ఎక్కువ భాగం మాల్టోడెక్స్‌ట్రిన్, అంటే తొందరగా అరిగి చక్కెరగా మారే చౌక పొడి. రెండు నెలల్లో బరువు పెరిగింది, అదంతా నడుము చుట్టూ. ఎత్తగలిగే బరువు మాత్రం ఉన్నచోటే ఉంది. ఆ డబ్బుతో నెలంతా కోడిగుడ్లు తినేవాడిని. సన్నగా ఉన్న పిల్లలనే ఈ డబ్బాలు ఎక్కువగా ఆకర్షిస్తాయి, అందుకే ఇంత బాధతో రాస్తున్నాను.

అసలు లెక్క ఇది. 2018లో 49 ప్రయోగాలను కలిపి చూసిన ఒక సమీక్షలో, శరీర బరువు కిలోకు రోజుకు 1.6 గ్రాముల ప్రొటీన్ దాటాక కండకు అదనపు లాభం దాదాపు కనిపించలేదు. ఆ ప్రయోగాల్లో ప్రొటీన్ అదనంగా తీసుకున్నందువల్ల వచ్చిన తేడా కూడా సగటున 300 గ్రాములే. మిగిలినదంతా బరువులు ఎత్తడం వల్ల వచ్చిందే. నువ్వు 70 కిలోలనుకుందాం, నీకు కావలసింది 112 గ్రాములు. పొద్దున గ్లాసు పాలు 8, రెండు గుడ్లు 12. మధ్యాహ్నం అన్నంలో 10, యాభై గ్రాముల కందిపప్పులో 11, పెరుగులో 8. సాయంత్రం గుప్పెడు శనక్కాయల్లో 8. రాత్రికి వండిన కోడిమాంసం 150 గ్రాములైతే 45. మొత్తం 102. ఇంకొక గుడ్డు, మరికొంత పప్పు చేరిస్తే పొడి అవసరమే రాదు. కోడి లేని రోజు 57 దగ్గర ఆగిపోతావు. ఆ లోటుకే పొడి, అదీ ఒకటి రెండు స్కూపులు.

మన ఊరి తిండి మీద నమ్మకం ఉంచు, కానీ లెక్క తప్పవద్దు. వంద గ్రాముల రాగిపిండిలో ప్రొటీన్ ఏడు గ్రాములే, కాబట్టి సంగటి ఒక్కటే కండ పెంచదు. పక్కన ఉన్న నాటుకోడి పులుసు పెంచుతుంది. ఉలవల్లో వందకు 22 దాకా ఉంటుంది, కానీ చారు మాత్రం తాగి గింజలు పారేస్తే ఏం లాభం? గుగ్గిళ్లు కూడా తినాలి.

శాకాహారులైతే సోయా, లేదా బఠాణీ, బియ్యం కలిపిన పొడి తీసుకోండి. బఠాణీలో తక్కువగా ఉండే అమైనో ఆమ్లాన్ని బియ్యం పూరిస్తుంది. కండ కట్టే పనిని మొదలుపెట్టే అమైనో ఆమ్లం లూసిన్ వేలో ఉన్నంత వీటిలో ఉండదు కాబట్టి మోతాదు కొంచెం పెంచుకోవాలి.

డబ్బా వెనక చదవడం నేర్చుకో. ఇక్కడ 1994 నాటి చట్టం ప్రకారం సప్లిమెంట్లకు అమ్మకానికి ముందు ప్రభుత్వ అనుమతి అక్కర్లేదు. పైగా ప్రొటీన్‌ను సాధారణంగా నత్రజనిని బట్టి లెక్కిస్తారు కాబట్టి, గ్లైసిన్, టారిన్ వంటి నత్రజని ఉన్న చౌక పదార్థాలు కలిపి అంకె పెంచే మోసం ఉంది. పదార్థాల జాబితాలో అవి కనిపిస్తే డబ్బా తిరిగి పెట్టెయ్. 'ఎన్‌ఎస్‌ఎఫ్ సర్టిఫైడ్ ఫర్ స్పోర్ట్', 'ఇన్‌ఫర్మ్డ్ స్పోర్ట్' ముద్రలు ఉన్నవాటిని బయటి ప్రయోగశాలలు పరీక్షిస్తాయి. ధర పోల్చేటప్పుడు డబ్బా బరువు చూడవద్దు, మొత్తం ఎన్ని గ్రాముల ప్రొటీన్ వస్తుందో చూడు. ముప్పై గ్రాముల స్కూపులో 24 ఉంటే మంచి సరుకు.

బీసీఏఏ అని విడిగా అమ్మే మూడు అమైనో ఆమ్లాల పొడి (లూసిన్ వాటిలో ఒకటి) అక్కర్లేదు, అవి వేలోనే ఉన్నాయి. ప్రొటీన్ పొడి కాకుండా కొనదగినది ఒకటే, బరువులెత్తేటప్పుడు కండరాలకు చటుక్కున శక్తి అందించే క్రియాటిన్ మోనోహైడ్రేట్, రోజుకు 3 నుంచి 5 గ్రాములు. అది వాడుతుంటే రక్తపరీక్షలో క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు తెలుసుకోవడానికి చూసే అంకె) కాస్త ఎక్కువగా కనిపించవచ్చు, ముందే డాక్టరుకు చెప్పు. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టరును అడగకుండా ఈ పొడులేవీ ముట్టుకోవద్దు.

వచ్చిన మొదటి నెల ఏ పొడీ కొనవద్దు. వంటింట్లో పప్పు, గుడ్లు, పెరుగు కుదిరాక వారం రోజులు ఏం తిన్నావో రాసుకో. లోటు తేలితే అతి చిన్న డబ్బా కొని, కడుపుకు పడుతుందో లేదో చూశాకే పెద్దది తీసుకో.