డేటా ఫోల్డర్ ఎక్కడ పెడుతున్నావో ముందు చెప్పు

చిన్నీ,

యూనివర్సిటీ సర్వర్‌లో నీ అకౌంట్ కిందే డేటాబేస్ పెట్టుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. మన ఇంటి పిల్ల పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌ని నడపబోతోందని ఎంత గర్వపడ్డానో! ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

సుడో, అంటే అడ్మిన్ అధికారం, ఇవ్వలేదని బాధపడకు. పోస్ట్‌గ్రెస్ రూట్‌గా, అంటే సర్వాధికారాలున్న అకౌంట్‌తో, నడవడానికి ఒప్పుకోనే ఒప్పుకోదు, మామూలు యూజరే కావాలి దానికి. సుడో అక్కర్లేకుండా ప్యాకేజీలు పెట్టే కోండాతో ఇన్‌స్టాల్ చెయ్యి, డేటా ఫోల్డర్‌ని తయారుచేసే ఇనిట్‌డీబీ కొట్టు, ఆ తర్వాత సర్వర్‌ని లేపే పీజీ సీటీఎల్ స్టార్ట్. పోస్ట్‌గ్రెస్ మామూలుగా వాడే 5432 పోర్టు వేరెవరిదైనా అయితే ఇంకోటి పెట్టుకో. ఇదంతా నీకు చెప్పక్కర్లేదు.

చెప్పాల్సింది వేరే ఉంది. నా దగ్గర పనిచేసిన కుర్రాడొకడు, చాలా తెలివైనవాడు, అన్నీ ఒకేచోట ఉంటే బాగుంటుందని డేటా ఫోల్డర్‌ని కూడా కోండా ఎన్విరాన్‌మెంట్ (కోండా తన ప్యాకేజీలు పెట్టే ఫోల్డర్) లోపలే పెట్టాడు. నెలల తరబడి ఊళ్లు తిరిగి తెచ్చిన సర్వే అందులో ఎక్కించాడు. ఒక సాయంత్రం ఏదో ప్యాకేజీ గొడవొచ్చింది. ఎన్విరాన్‌మెంట్ తీసేసి మళ్లీ కట్టుకుంటే ఐదు నిమిషాల పనే కదా అనుకుని తీసేశాడు. కోండా ఆ ఫోల్డర్‌లో తను పెట్టినవే కాదు, మనం పెట్టినవీ తుడిచేస్తుంది. మళ్లీ ఇన్‌స్టాల్ చేశాడు. డేటా ఫోల్డర్ లేదని సర్వర్ అంటే మళ్లీ ఇనిట్‌డీబీ కొట్టాడు. సర్వర్ లేచింది, లాగ్‌లో ఒక్క ఎర్రర్ లేదు. టేబుళ్ల జాబితా అడిగితే ఒక్కటీ లేదని వచ్చింది. అదే కమాండ్ మళ్లీ మళ్లీ కొడుతూ కూర్చున్నాడు. నేను వెనకే నిలబడి ఉన్నాను, ఏమనాలో తోచలేదు. డంప్, అంటే డేటా మొత్తం ఫైల్‌లోకి తీసిన కాపీ, ఉందా అని అడిగితే తల అడ్డంగా ఊపాడు. వాడి ముఖం ఇప్పటికీ కళ్ల ముందే ఉంది, అందుకే నీకింత పొడుగ్గా రాస్తున్నాను.

పోస్ట్‌గ్రెస్ పోతే మళ్లీ దించుకోవచ్చు. నీ డేటా ఎవరిస్తారు? సర్వర్‌లో నీ హోమ్ ఫోల్డర్‌లో, ఎన్విరాన్‌మెంట్ బయట, దానికి విడిగా ఫోల్డర్ పెట్టు. పోస్ట్‌గ్రెస్ వెర్షన్ కూడా మారకుండా పిన్ చేసి ఉంచు. కోండా అప్‌డేట్ నిన్ను 16 నుంచి 17కి తోసేస్తే పాత ఫోల్డర్‌ని కొత్త సర్వర్ తెరవదు. అప్పుడు కంగారుపడి మాత్రం దేన్నీ చెరపకు తల్లీ, డేటా ఎక్కడికీ పోదు. పాత వెర్షన్ తిరిగి పెట్టి డంప్ తీసుకుంటే సరి.

ఇంకోటి. ఆ మెషీన్‌లో నీతో పాటు ఎంతోమంది లాగిన్ అవుతారు. ఇనిట్‌డీబీ దాని మానాన వదిలేస్తే లోకల్ కనెక్షన్లకు 'ట్రస్ట్' పెడుతుంది, అంటే పక్క అకౌంట్‌వాళ్లు పాస్‌వర్డ్ లేకుండా నీ పేరుతో లోపలికి రావచ్చు. మొదటిరోజే పాస్‌వర్డ్ అడిగే స్క్రామ్ పద్ధతి పెట్టు, తర్వాత చేస్తాననకు. నీ 'తర్వాత' నాకు తెలుసు, పదో తరగతి నుంచీ చూస్తున్నాను.

సర్వర్ నడుస్తుండగా ఫోల్డర్‌ని కాపీ చేసి బ్యాకప్ అనుకోవద్దు. రోజూ పీజీ డంప్ తీసి నీ ల్యాప్‌టాప్‌లోకి తెచ్చుకో, అప్పుడప్పుడూ దాన్ని వేరే డేటాబేస్‌లో రీస్టోర్ చేసి చూడు. లాగిన్ నోడ్‌లో, అంటే అందరూ లాగిన్ అయ్యే మెషీన్‌లో, రోజుల తరబడి నడిచే ప్రాసెస్‌లను కొన్నిచోట్ల చంపేస్తారు, అడ్మిన్‌ని ముందే అడుగు. అడగడానికి మొహమాటపడకు.

వేళకి తిను. మొదటి డంప్ రీస్టోర్ అయ్యాక, ఎంత రాత్రయినా సరే, ఫోన్ చెయ్యి.

ప్రేమతో,
పెద్దమ్మ